ఆళ్లగడ్డ బ్యాండు ప్రగతిశీలమా, కాదా?

జిల్లా ఉత్సవాల్లో ఇకపై ప్రగతిశీల సంగీతం తప్ప మరొకటి వినిపించకూడదని మంత్రిగారు నంద్యాల సభలో ప్రకటించారు. సాంస్కృతిక అధికారి రాజశేఖర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చాక ప్రగతిశీల సంగీతమంటే ఏమిటో నిఘంటువులో వెతికాడు. దొరకలేదు.

దరఖాస్తు ఒక్కటే వచ్చింది, ఆళ్లగడ్డ నుంచి. సుప్రజ నాదస్వరం, హరీశ్ గిటారు. శాస్త్రీయం, రాక్ కలిపి వాయిస్తారు. ఏ నిర్ణయమూ ఒంటరిగా తీసుకోని క్రమశిక్షణ గల అధికారి కనుక రాజశేఖర్ వెంటనే కమిటీ వేశాడు. వీణ టీచరు ఉమామహేశ్వరమ్మ ఒకరు. అభ్యుదయ సంఘానికి ముప్పై రెండేళ్లుగా ఏ మార్పూ లేకుండా కార్యదర్శిగా ఉన్న మల్లికార్జున ఇంకొకరు.

"నాదస్వరం గుళ్లోది, ఫ్యూడల్. గిటారు అమెరికాది, సామ్రాజ్యవాదం. రెండూ కలిస్తే ప్రగతి యాడుంది సార్?" అన్నాడు మల్లికార్జున.

"కల్యాణి రాగానికి కరెంటు పెడితే ప్రగతి గాదప్పా, షాకు" అంది ఉమామహేశ్వరమ్మ.

"వాళ్ల పాట ఇన్నారా మేడమ్?" అన్నాడు రాజశేఖర్.

"ఇంటే నిష్పక్షపాతంగా ఎట్ల చెప్తాం?"

రాజశేఖర్ ఆ మాటను గౌరవంగా మినిట్స్‌లో రాసుకున్నాడు.

అంతలో మంత్రిగారి పీఏ జీవన్ కుమార్ ఫోన్ చేశాడు. "ఆహ్వానంలో బ్యాండు పేరు అచ్చేసినాం. ప్రగతిశీలమే అని తేల్చండి. బేగా!"

రాజశేఖర్ ఆళ్లగడ్డ వెళ్లాడు. శిల్పాల షెడ్డులో, సగం చెక్కిన నందుల మధ్య వాళ్లు వాయించారు. కాసేపటికి అతని కాలు దానంతటదే ఆడింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఎవరైనా చూశారేమోనని గబగబా చొక్కా చేతులు దించుకున్నాడు.

"ఎట్లుంది సార్?" అంది సుప్రజ.

బాగుంది అనడానికి ఫారంలో గడి లేదు. "ఇందులో ప్రగతి యాడొస్తాదమ్మా?" అన్నాడు.

"ఏమో సార్. మా నాయన పెద్దోళ్ల ఊరేగింపుల్లో నడుస్తా వాయించినాడు. మేం స్టేజీ మీద వాయిస్తాం, పెద్దోళ్లు కూర్చోని ఇంటారు. అంతే."

అది కూడా ఏ గడిలోనూ పట్టలేదు.

మర్నాడు కమిటీలో రాజశేఖర్ మెల్లగా అన్నాడు. "ఫ్యూడలూ సామ్రాజ్యవాదమూ ఒకే పాటలో కొట్లాడుకుంటాండాయి సార్. అది సంఘర్షణ గాదా?"

మల్లికార్జున కళ్లు చెమర్చాయి. "సంఘర్షణే ప్రగతి!" అని సంతకం పెట్టాడు. కల్యాణి జోలికి పోకూడదన్న షరతు మీద ఉమామహేశ్వరమ్మ కూడా పెట్టింది.

ఉత్సవం రోజు మంత్రిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. గేటు దగ్గర జీవన్ కుమార్ అరిచాడు. "మేళం ఏదీ? సార్ దిగుతాండారు!"

"మేళం లేదు సార్, బ్యాండే" అన్నాడు రాజశేఖర్.

"నాదస్వరం ఉంది గదా! ముందర నడవమను."

సుప్రజ రాజశేఖర్ వైపు చూసింది. "మా పాట ఎప్పుడు సార్?"

"టైం లేదమ్మా" అన్నాడు రాజశేఖర్, తన బూట్లను చూసుకుంటూ.

సుప్రజ వాయిస్తూ నడిచింది. గిటారు మెడలో వేసుకుని, దాని కరెంటు వైరు నేల మీద ఈడ్చుకుంటూ హరీశ్ నడిచాడు. వెనక మంత్రిగారు జనానికి చేతులూపుతూ వచ్చారు. వేదిక మెట్ల దగ్గర పోలీసులు బ్యాండును పక్కకు తప్పించారు.

రాజశేఖర్ మర్నాడే నివేదిక పంపాడు: "సదరు బ్యాండు గేటు నుంచి వేదిక వరకు నిరాటంకంగా ముందుకు సాగినట్లు స్వయంగా గమనించడమైనది."