ఇన్‌స్పెక్టర్ వీరమణి గారి చార్జి అప్పగింత

నందివాగు పోలీస్ స్టేషన్‌లో ఎనిమిదేళ్ళపాటు ఆడవాళ్ళ ఫిర్యాదులు తీసుకున్న ఇన్‌స్పెక్టర్ వీరమణి గారు, తాను పనిచేసే టీవీ సీరియల్ ముగిసిపోవడంతో ఆమధ్య ఒక శుక్రవారం పదవీ విరమణ చేశారు. ఆవిడ టీవీలోంచి బయటికి రాలేరు కాబట్టి, ఆ వేషం వేసిన నటి హేమనళిని గారిని పిలిచి సన్మానించాలని స్టేషన్‌వారు నిర్ణయించారు.

ఈ ఏర్పాటు ఎలా మొదలైందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకనాటి సాయంత్రం స్టేషన్‌లో సిబ్బంది సీరియల్ చూస్తుండగా ఒకామె అర్జీ పట్టుకొచ్చి గంటసేపు నిలబడింది. తెరమీద వీరమణి గారు చేస్తున్న అరెస్టు మధ్యలో ఆపి, ఇటు తిరిగి, "ఆవిణ్ణి అలా నిలబెట్టారేమయ్యా? కుర్చీ వెయ్యండి," అన్నారు. వేశారు. మర్నాటి నుంచి ఫిర్యాదులన్నీ టీవీకే చెప్పుకోసాగారు. ప్రకటనలు వచ్చేటప్పుడు ఆవిడ వినేవారు. మర్నాటి ఎపిసోడ్‌లో నిందితుణ్ణి పిలిచేవారు. వాడు వచ్చి టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అసలు సి.ఐ. తారకేశ్వరరావు గారికి కాస్త చిన్నతనంగా ఉన్నా, పై అధికారులు మాత్రం పని జరుగుతోంది కదా, ఎవరు చేస్తేనేం అన్నారు. రోజూ టీవీ తుడిచే పని ఆయన విధుల్లో చేర్చారు.

ఉన్నమాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. ఆ ఎనిమిదేళ్ళూ ఊళ్ళో ఆడపిల్లలు పొద్దుగుంకాక కూడా సైకిళ్ళ మీద ట్యూషన్లకు వెళ్ళివచ్చారు. తాగొచ్చి చెయ్యెత్తిన మొగుళ్ళు టీవీ వైపు ఓసారి చూసి చెయ్యి దించారు. ఆ మహాతల్లి కడుపు చల్లగా ఉండాలని అనుకోని ఇల్లు నందివాగులో లేదు.

తేలకుండా మిగిలిపోయిన కేసు ఒక్కటే, రొంగలి పైడమ్మది. ఆమె జీడిపిక్కల మిల్లులో పప్పు ఒలిచే మనిషి. మేస్త్రీ సూరపునాయుడు తన చెయ్యి పట్టుకు లాగాడని గురువారం ప్రకటనల్లో చెప్పుకుంది. శుక్రవారం సీరియల్లో అందరికీ శుభం పలకడానికే సమయం చాలలేదు. మర్నాడు పొద్దున మేస్త్రీ మిల్లులోనే ఆమెతో, "అయిపోయింది గదే నీ సీరియలు! సోమారం సెప్తాను నీ పని," అన్నాడు. పాత్ర ముగిస్తే దాని కేసులూ ముగిసినట్టేనని నిబంధన. ఎవరైనా చార్జి తీసుకుంటే తప్ప.

శనివారం సన్మానం జరిగింది. హేమనళిని గారు చిన్న మనిషి. తెరమీద ఉన్నంత ఎత్తు లేరు. ఆడవాళ్ళు ఆవిడ చేతులు పట్టుకుని వలవలా ఏడ్చారు. శాలువా, దండ, జ్ఞాపిక అయ్యాక సి.ఐ. గారు చార్జి కాగితం చదివారు: టోపీ ఒకటి, లాఠీ ఒకటి, కేసు ఒకటి.

"మరి తీసుకునేదెవరండీ?" అన్నారు హేమనళిని గారు.

"నాకు అర్హత లేదు మేడం. నటనానుభవం ఎన్నేళ్ళని ఇందులో రాయాలి. నాది ఉత్త ఉద్యోగం," అన్నారు సి.ఐ. గారు.

పైడమ్మ లేచింది. "అమ్మా, ఈ ఒక్క సోమారం ఉండిపోండమ్మా. మిమ్మల్ని సూస్తే ఆడికి బయం."

హేమనళిని గారు చేతిలో జ్ఞాపిక పక్కన పెట్టారు. "నాకే భయం తల్లీ. మొదటిరోజు లాఠీ పట్టుకోగానే కాళ్ళు గజగజ వణికిపోయాయి. డైరెక్టరు గారు చూసి, కాళ్ళు కనబడకుండా కెమెరాని నడుం పైకి పెట్టించారు. ఎనిమిదేళ్ళూ అక్కడే ఉంచారు."

పైడమ్మ ఆవిడ కాళ్ళ వైపు చూసింది.

"నాకూ ఒణుకుతాయమ్మా. మిల్లులో ముందర బల్ల ఉంటాది గావాల, ఆడికి కనబడదు. పదారేళ్ళ నించీ అంతే."

"అనుభవం, పదహారేళ్ళు," అని సి.ఐ. గారు రాసుకున్నారు.

హేమనళిని గారు తన భుజాల మీది శాలువా తీసి పైడమ్మకు కప్పి, కాగితం మీద సంతకం పెట్టారు. "వణికితే వణకనీ అమ్మా. మాట మాత్రం మధ్యలో ఆపకు," అని చెప్పి, ఆమెకు నమస్కారం చేసి వెళ్ళారు.

సోమవారం మేస్త్రీని పిలిపించారు. టీవీ ఆపేసి ఉండటం చూసి వాడు నవ్వుకుంటూ వచ్చాడు. పైడమ్మ టోపీ పెట్టుకుని బల్ల వెనక కూర్చుంది. స్టేషన్ బల్లకు ముందు వైపు ఏమీ లేదు, అంతా ఖాళీ. అది చూసి హెడ్డు కానిస్టేబులు సన్మానం బ్యానరు తెచ్చి అడ్డంగా కట్టాడు. "సెప్పు, ఏ సెయ్యి పట్టుకున్నావు?" అని అడిగింది పైడమ్మ. వాడు నాలుగు నిమిషాల్లో ఒప్పుకున్నాడు. మధ్యలో ప్రకటనలు కూడా రాలేదు.

జిల్లా కార్యాలయం ఈ కేసును శ్రద్ధగా పరిశీలించింది. వణుకు పోగొట్టడానికి శాఖలో పద్దు లేదు. చెక్కకు ఉంది. ఆడవాళ్ళు కూర్చునే ప్రతి బల్లకూ ముందు చెక్క బిగించాలని ఉత్తర్వు వచ్చింది. బడుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో పని చకచకా సాగుతోంది, అందరూ హేమనళిని గారి పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. కొలత తీసుకోవడానికి వడ్రంగి మొదట కలెక్టరమ్మ గారి గదికి వెళ్ళాడు. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసి, తనది మాత్రం కాస్త ఎత్తుగా పెట్టమన్నారు.