ఆరబెట్టిన టైంటేబుల్

ఆ రోజు సొన్నప్ప పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. పాత టైంటేబుళ్ళను వరసగా పేర్చి కొత్త ఎర్రగుడ్డలో కట్టడం, మధ్యాహ్నం వంటమనిషి నంజమ్మ వండిన మునక్కాయ సారు పోసుకుని రెండు ముద్దలు ఎక్కువ తినడం. అంతే.

అతను కాటన్‌పేటలో ఒక వేదశాస్త్ర విశ్వవిద్యాలయంలో గుమాస్తా. పేరు అంత పెద్దదే గాని, ఉన్నది పాత సత్రంలో, ముప్పై ఇద్దరు విద్యార్థులతో. అక్కడ అన్నీ తిథుల ప్రకారమే. టైంటేబుల్లో సోమవారం, మంగళవారం ఉండవు. విదియ, తదియ ఉంటాయి. అందువల్ల ఏ ఏటి కాగితం చూసినా ఈ ఏటిదానిలాగే కనిపిస్తుంది. మూలన రాసిన సంవత్సరం పేరొక్కటే తేడా. స్థాపించిన ప్లవ నుంచి ఇప్పటి సిద్ధార్థి వరకు, అంటే ఈ 1979 వరకు, పంతొమ్మిది టైంటేబుళ్ళను సొన్నప్ప బీరువాలో కాపాడుతూ వచ్చాడు.

ముందురోజు వానకు కప్పు కారి కట్టలో పైనున్న ప్లవ తడిసింది. సంవత్సరం పేరున్న మూలను అంతకుముందే పురుగు తినేసింది. దేవుడి దయవల్ల తెల్లవారేసరికి ఎండ వచ్చింది. మేడంతా నంజమ్మ చాపలు పరిచేసింది, కింద ఉదయపు ఎండ పడే చోటు నోటీసు బోర్డు ఒక్కటే. సొన్నప్ప ఈ ఏటి టైంటేబుల్ పైన ప్లవను నాలుగు సూదులతో గుచ్చి, అరగంటలో ఆరిపోతుందిలే అనుకుని ఎర్రగుడ్డ కొనడానికి బళేపేటకు వెళ్ళాడు.

అక్కడ రంగు వెలవని గుడ్డ దొరికేసరికి గంటన్నర పట్టింది. తిరిగి వచ్చేసరికి నంజమ్మ గరిటెతోనే ఎదురొచ్చింది.

"ఏం గలాటా అప్పా ఇది? నేను విస్తరాకులు పరిచే చోట శాస్త్రులవారు వచ్చి కూసోనుండారు. చుట్టూ పన్నెండు మంది పిల్లోళ్ళు. పొగ ఉండే చోట నిప్పు ఉండాది అని చెప్తాండారు. పొగ నాది, నిప్పు నాది, పాఠం మాత్రం ఆయనది!"

"ఏ శాస్త్రులమ్మా?"

"మన అహోబల శాస్త్రులే. జరీ ఉత్తరీయం వేసుకోని వచ్చినారు."

సొన్నప్పకు సంగతి అర్థమైంది. తర్కం చెప్పే అహోబల శాస్త్రి రిటైరై మూడేళ్ళయింది. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. కాని రోజూ గుడికి వెళ్తూ ఆగి నోటీసు బోర్డు చదవడం మాత్రం ఆయన మానలేదు. ఈరోజు అందులో ఆయన పేరుంది. ‘తర్కం, అహోబల శాస్త్రి, భోజనశాల.’ తొలి ఏడు గదులు లేక భోజనశాలలో పాఠాలు జరిగేవి. ఇక విద్యార్థులంటారా, తరగతి తప్పినవాడికి ఆ పూట విస్తరి లేదన్నది అక్కడి నియమం. బోర్డు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతారు.

కాగితం పీకేద్దామని సొన్నప్ప పరుగెత్తాడు. బోర్డు ముందు కుర్చీ వేసుకుని ఒక పెద్దమనిషి నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు.

"గుమాస్తా మీరేనా? పరిశీలనకు వచ్చాను. పదకొండు గంటల రైలుకని రాశాను గాని, రాత్రి నెల్లూరులో బస్సు దొరికింది. ఈ టైంటేబుల్ మొత్తం రాసుకున్నాను. ఇందులో ఉన్నట్టు తరగతులు జరుగుతున్నాయో లేదో చూసుకుంటే నా పని అయిపోతుంది."

పోయినేడు పరిశీలనలో రెండు తరగతులు టైంటేబుల్‌కు తేడా వచ్చాయని హెచ్చరిక రాసి వెళ్ళారు. ఈసారి తేడా వస్తే గుర్తింపు రద్దు. ముప్పై ఇద్దరు పిల్లలూ ఏడాది మధ్యలో పెట్టెలు సర్దుకోవాలి.

అధికారి తర్కం వినడానికి భోజనశాలకు వెళ్ళాడు. అప్పుడే కార్యదర్శి మునినారాయణప్ప చేతిలో పూలదండతో, చెమటలు కక్కుతూ స్టేషన్ నుంచి వచ్చాడు. ఆయన పేటలో పత్తి వ్యాపారి.

"రైల్లో రాలేదప్పా ఆయన!"

సొన్నప్ప ఆయనను స్తంభం వెనక్కి లాక్కుపోయి సంగతంతా చెప్పాడు.

"పీకేయ్ ఆ కాగితం!"

"ఆయన రాసుకునేసినాడయ్యా. ఈ పొద్దుకి మనం ప్లవలోనే ఉండాల."

"తర్వాతి గంట ఏముండాది?"

"ఛందస్సు. రంగప్ప పండితులు. చింతచెట్టు కింద."

"పండితులు పోయి ఏడేండ్లాయ! చెట్టు కొట్టేసి పదేండ్లాయ!"

"చెట్టున్న చోట సైకిళ్ళుండాయి. పండితుల చోట మీరుండారు."

"నేనా! పత్తి తప్ప నాకేం తెలుసప్పా?"

"మీరు నోరు తెరవకుంటే చాలయ్యా. పిల్లోళ్ళు వాళ్ళే చదువుకుంటారు."

గంట కొట్టారు. సైకిళ్ళ మధ్య చాప మీద మునినారాయణప్ప కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చేతిలోని దండ ఎక్కడ పెట్టాలో తోచక మెడలో వేసుకున్నాడు. అది ఆయనకు బాగానే నప్పింది. విద్యార్థులు పండితుడి బెడద లేకుండా గురులఘువులు గొంతెత్తి లెక్కపెట్టారు.

"ఈయన మాట్లాడరేం?" అన్నాడు అధికారి.

"మౌనవ్రతం సార్. దశమి నాడు మాట్లాడరు."

అధికారి ఒక సైకిలుకు ఆనుకున్నాడు. అది పక్కదాని మీద పడింది, పక్కది ఆ పక్కదాని మీద పడింది. వరసగా పదహారు సైకిళ్ళు పడ్డాయి. చివరిదాని పెడలు మునినారాయణప్ప మోకాలికి తగిలింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి గాని నోరు మాత్రం తెరుచుకోలేదు. అధికారి మెచ్చుకోలుగా తల ఊపి ఏదో రాసుకున్నాడు.

మూడో గంట జ్యోతిషం, మేడ మీద. ఆ పండితులు బతికే ఉన్నారు, మేడా ఉంది. నంజమ్మ సండిగలంటూ వడియాలు ఎండబెట్టిన చాపలను ఒక పక్కకు జరిపితే సరిపోయింది. సొన్నప్ప మనసులోనే మేడకు దండం పెట్టుకున్నాడు.

గండం గడిచిందనుకునేంతలో అధికారి ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"పాత టైంటేబుళ్ళు తీయండి." కట్ట విప్పి లెక్కపెట్టాడు. "ఈ ఏటిది బోర్డు మీద ఉంది. మిగతావి పద్దెనిమిది ఉండాలి. పదిహేడే ఉన్నాయి. ప్లవ ఏది? మీకు అసలైన ఆధారం అదే కదయ్యా."

సొన్నప్ప ఆ పదిహేడింటినీ మళ్ళీ లెక్కపెట్టాడు. జవాబు వాకిట్లోంచి వచ్చింది.

"ఉండాది సార్, ఉండాది! యాడికీ పోలేదు!" దండతోనే కుంటుకుంటూ వచ్చాడు మునినారాయణప్ప.

"వ్రతం ముగిసిందా స్వామీ?" అన్నాడు అధికారి.

ఇక దాచి లాభం లేదు. సొన్నప్ప బోర్డు దగ్గరికి వెళ్ళి ప్లవను జాగ్రత్తగా ఊడదీసి తెచ్చాడు. అది చక్కగా ఆరిపోయి ఉంది.

"వానకు తడిసింటే ఎండకు పెట్టినాను సార్. తప్పు నాదే. పిల్లోళ్ళ తప్పేమీ లేదు."

అధికారి పెన్ను మూత పెట్టాడు.

"నాకు మొదటి గంటలోనే తెలుసయ్యా. ఎన్నాళ్ళుగా చెబుతున్నారని శాస్త్రిగారిని అడిగాను. రిటైరై మూడేళ్ళయింది, బోర్డు మీద పేరుంటే రాకుండా ఎట్లా అన్నారు. ఇంతవరకు నలభై సంస్థలు చూశాను. ఈ ఏటి టైంటేబుల్నే ఎవరూ పాటించరు. మీరు పద్దెనిమిదేళ్ళ కిందటిది, మనిషి లేకపోయినా, చెట్టు లేకపోయినా పాటించారు. మిమ్మల్ని మూసేసి నేనెక్కడికి పోయేది?"

అధికారి పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.

"గుర్తింపు ఉంటుంది. ఛందస్సుకు మాత్రం మూడు నెలల్లో మాట్లాడే మనిషిని చూసుకోండి. శాస్త్రిగారిని వదలకండి. తర్కం గంట ఎప్పుడో అయిపోయినా, భోజనం గంట కొట్టినా ఆ పిల్లలు లేవలేదు."

"వాళ్ళు లేయకుంటే నేను విస్తర్లు ఎట్ల వేసేది?" అంది తలుపు దగ్గర నంజమ్మ. గరిటె దించి, "పోనీలే, శాస్త్రులకీ ఒక విస్తరి వేస్తా. ఇంట్లో ఒంటిగా ఏం వండుకుంటారు పాపం" అంది.

సొన్నప్పకు మునక్కాయ సారు రెండున్నరకు దొరికింది. చల్లారిపోయినా అంత రుచిగా ఎప్పుడూ లేదనిపించింది.

సాయంత్రం అతను ఈ ఏటి టైంటేబుల్ అడుగున ‘తర్కం, అహోబల శాస్త్రి, భోజనశాల’ అని చేర్చాడు. మర్నాడు శాస్త్రి బోర్డు ముందు ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. ఉత్తరీయం సర్దుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత తడిసిన కాగితాలను సొన్నప్ప ఇంటికే తీసుకుపోయేవాడు. భార్య పోయాక ఒక్కడి బట్టలే ఆరే ఆ దండెం మీద చోటుకేం కొదవ లేదు. కార్తీకంలో ఒక ఉదయం విరోధికృత్తు సంవత్సరపు టైంటేబుల్‌ను దానిమీద ఆరేసి, మొహం కడుక్కుని వచ్చేసరికి, దండెం కింద ఇద్దరు విద్యార్థులు చాప పరుచుకుని ఆ కాగితంలో ఉన్న వ్యాకరణం కోసం ఎదురుచూస్తున్నారు.