కదలని విమానానికి కృతజ్ఞతలతో

మంచి సినిమాలను వెంటనే నిషేధించాలి!

తొందరపడి పేజీ తిప్పేయకండి. నాకు జ్వరమేమీ లేదు. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. మంచి సినిమా ఏం చేస్తుంది? చూసిన మనిషికి నిద్ర లేకుండా చేస్తుంది. లేనిపోని ప్రశ్నలు పుట్టిస్తుంది. ఇంటికి చేరేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అదే చెత్త సినిమా అయితే? హాల్లో మొదలైన నవ్వు ఇంట్లో కంచాల దగ్గరిదాకా వస్తుంది. ఒక కుటుంబమంతా కలిసికట్టుగా తిట్టుకోవడానికి బయటి మనిషి దొరకడం ఎంత అదృష్టం!

అంతెందుకు, మా ఇంట్లో నెలల తరబడి తెగని గొడవను ఒక చెత్త సినిమా ఒక్క ఆటలో తెంపేసింది. ఏ గొప్ప దర్శకుడైనా ఈ పని చేయగలడా?

గొడవేమిటో తెలియాలంటే ముందు మా ఇల్లు తెలియాలి. నాన్న సిటీ బస్సు డ్రైవర్. అమ్మ ముందుగదిలో మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పెద్దకూతుర్ని నేను. మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కష్టం కొద్దీ చెబుతున్నాను. పట్టా చేతికి వచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో ఫ్యాన్ తిరగకపోయినా, పక్కింటాయన మోకాలు వాచినా, "చదువుకున్నదానివి కదా, కాస్త చూడు" అంటారు. నేను చదివింది కామర్స్. అయినా చూస్తాను. బాధ్యత కదా!

నా తర్వాత చెల్లి. ఇంట్లో అందరం పిట్ట అంటాం. పుట్టినప్పుడు సన్నగా ఉండేదని ఆ పేరు, ఎగురుతుందని ఎవరూ అనుకోలేదు. అది మాత్రం అనుకుంది. పరీక్ష రాసింది, ఇంటర్వ్యూలు దాటింది, యుద్ధవిమానం నడిపే ట్రైనింగ్‌కి ఎంపికైంది. నెలాఖరులోగా వెళ్లి చేరాలి. చట్టప్రకారం దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ చిన్నప్పుడు నాన్న బస్సులో ఇంజన్ పక్క సీట్లో కూర్చుని గేర్లు నేర్చుకున్న పిల్ల అది. "నాన్న కాదంటే నా కాలు కదలదక్కా" అంది.

నాన్న కాదన్నాడు. పిరికివాడై కాదు. ఆయన భయం ఆయన వృత్తిలోంచే పుట్టింది.

"కింద రోడ్డే లేదు కదే!" అనేవాడు. "బండి మొరాయిస్తే పక్కకి తీసి ఆపుకోవడానికి చోటేది? ఆకాశంలో దిగి బానెట్ ఎత్తుతావా?"

"దానికి బానెట్ ఉండదు నాన్నా."

"చూశావా, అది కూడా లేదు!"

చివరికి ఓ రోజు విసిగిపోయి నావైపు తిరిగాడు. "పెద్దదానా, నువ్వు డిగ్రీ చదివావు. అసలా ఉద్యోగంలో ఆడపిల్లలు ఏం చేస్తారో సరిగ్గా కనుక్కుని నాకు చూపించు. తర్వాత చెప్తా."

కామర్స్‌లో ఈ పాఠం లేదు. ఎవరిని అడగాలి? దిక్కుతోచక బస్టాప్‌లో నిలబడితే ఎదురుగా గోడ మీద జవాబు కనిపించింది. 'నింగి సివంగులు'! నలుగురు మహిళా పైలెట్లు, చంకలో హెల్మెట్లు, వెనకాల భగభగ మంట. ఇంతకన్నా ఏం కావాలి? ఇంట్లో నలుగురికీ టికెట్లు కొనేశాను.

"అక్కా, పోస్టర్ సరిగ్గా చూశావా? అవి మోటార్‌సైకిల్ హెల్మెట్లు" అంది పిట్ట.

"అన్నీ నీకే తెలిసినట్టు మాట్లాడకు" అన్నాను. చదువుకున్నదాన్ని కదా!

ఈ చిత్రాన్ని విమర్శకులు చీల్చి చెండాడారని విన్నాను. వారి దుర్మార్గాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇంత పొదుపైన, ఇంత శాంతియుతమైన యుద్ధచిత్రం ఇంకెక్కడైనా ఉందా?

పొదుపు చూడండి. సినిమా మొత్తానికి ఒకటే విమానం. చుక్క ఇంధనం కాలలేదు, చుట్టుపక్కల ఒక్క ఆకు కదల్లేదు. విమానం కదలాల్సి వచ్చినప్పుడల్లా కెమెరా పట్టుకున్నాయన ఊగాడు. వేగం తెలియడానికి హీరోయిన్ మెడలో స్కార్ఫ్ రెపరెపలాడింది, ఆ గాలి విసిరిన టేబుల్ ఫ్యాన్ కూడా మొదటి ఫైటింగులో ఓ మూల నిజాయితీగా కనిపించింది. ఇక ఆకాశానికి ఒకటే మేఘం. కుందేలు ఆకారంలో ఉంది. అటు వెళ్లినా అదే, ఇటు వెళ్లినా అదే. మా ముందువరసలో ఓ చిన్నపాప "మళ్లీ కుందేలొచ్చింది!" అని ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. ఆ హాల్లో టికెట్ డబ్బు గిట్టుబాటైంది ఆ పాపకొక్కదానికే.

శాంతి సందేశం చూడండి. శత్రువు విమానం కూడా ఆ విమానమే! అటు పక్కనుంచి తీస్తే మనది, ఇటు పక్కనుంచి తీస్తే వాళ్లది. మనమూ శత్రువూ ఒకటేనని ఇంత సూటిగా చెప్పిన మహానుభావులు ఎందరున్నారు? క్షిపణులు సైతం మర్యాద తెలిసినవి. హీరోయిన్ దేశభక్తి డైలాగు పూర్తయ్యేదాకా గాల్లో ఆగి, ఆవిడ కళ్లు తుడుచుకున్నాకే వచ్చి తగిలేవి.

అన్నిటికన్నా గొప్పది భద్రత. విమానం దొర్లిపోకుండా ముందు చక్రం కింద ఎవరో ఇటుక పెట్టారు. ఆ ఇటుక తీయడం మరిచిపోయారు. విమానం మబ్బుల్లో ఉన్నప్పుడు కూడా, కింద నగరం తగలబడుతున్నప్పుడు కూడా, ఇటుక చక్రం కిందే ఉంది!

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలోంచి ఎవరో, "గురూ, దిగి కాస్త తోద్దామా?" అని అరిచారు. ఇంకెవరో, "ఇటుక తీయండ్రా, అమ్మాయికి లేటవుతోంది!" అన్నారు.

నాన్న మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి, ఆ ఇటుకనే తృప్తిగా చూశాడు. "అడ్డు పెట్టారు. జాగ్రత్త తెలిసిన మనుషులే" అన్నాడు మెల్లగా.

నా గుండె తేలికపడింది. ఇక పైలెట్ల ఉద్యోగ జీవితమంటారా, అది ఇంకా హాయి. నలుగురూ పొద్దున్నే లేచి జుట్టు దువ్వుకుంటారు. తర్వాత కమాండర్ గారి గురించి మాట్లాడుకుంటారు. కమాండర్ కుర్రవాడు, తోలు జాకెట్ వేసుకుని గోడలకు ఆనుకుంటూ ఉంటాడు. మధ్యాహ్నం విమానం ముందు వరసగా నడుస్తారు. నడుస్తుంటే వెనకాల ఏదో పేలుతుంది. ఎందుకు పేలుతుందో అడక్కండి, డ్యూటీలో భాగం కావచ్చు. సాయంత్రం హెల్మెట్ తీసి తల విదిలిస్తారు.

"ఏమండీ, పూటంతా హెల్మెట్ పెట్టుకున్నా పిల్ల జుట్టు చెదరలేదు చూడండి" అంది అమ్మ, మురిసిపోతూ. పిట్ట పొద్దున్న దువ్వుకున్న తల అప్పటికే పిచ్చుకగూడులా ఉంది.

క్లైమాక్స్. శత్రువు రాజధాని మీదకు వస్తున్నాడు. పెద్ద హీరోయిన్ సీట్లో కూర్చుంది, బెల్టు బిగించింది, చేయి లివర్ మీద వేసింది. ఈసారి విమానం నిజంగా కదులుతుందేమోనని నేను కూడా సీటు అంచుకు జరిగాను. అప్పుడు కమాండర్ నిచ్చెనెక్కి వచ్చాడు. "ఇది ఆటలాడే సమయం కాదు, దిగు!" అన్నాడు. ఆవిడ ప్రేమగా కళ్లనీళ్లు పెట్టుకుని దిగిపోయింది! అతగాడు ఎక్కాడు, కెమెరా ఊగింది, కుందేలు వచ్చింది, శత్రువు నాశనమయ్యాడు. మన సివంగులు నలుగురూ నేలమీద వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. శుభం.

మహిళా పైలెట్ల మీద తీసిన సినిమాలో, తీరా అసలు యుద్ధంలో విమానం నడిపింది ఒకే ఒక్క మగాడు. ఆడపిల్లల ప్రాణానికి ఇంత హామీ ఇచ్చే ఉద్యోగం వేరే ఏదైనా ఉంటే చెప్పండి!

నాన్న పాప్‌కార్న్ పొట్లం మూతి మడిచి, సగంలోనే పక్కన పెట్టేశాడు. ఆయనకి పాప్‌కార్న్ పడలేదేమో అనుకున్నాను.

ఇంటికి వెళ్లే బస్సులో డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నా బస్సెక్కినవాళ్లు ఇంతకన్నా ఎక్కువ ఎగురుతారు. ఈమాత్రం దానికా నేనింత హైరానా పడింది? వెళ్లి చేరు పిట్టా."

అమ్మ నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. నేను ఆ క్షణంలో నిర్మాత ఎదురుపడితే పాదాలకు మొక్కేదాన్ని. పిట్ట మాత్రం మొహం ముడుచుకుంది.

రాగానే వంటింట్లో పట్టుకుని నిలదీశాను. "మొహం అలా పెట్టావేం? ఒప్పుకున్నాడు కదే!"

"దేనికి ఒప్పుకున్నాడక్కా? హెల్మెట్ పట్టుకుని ఫొటో దిగడానికి."

"దేనికైతే ఏం? ముందు వెళ్లి చేరు. తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. నోరు మూసుకుని బట్టలు సర్దుకో."

"ఎప్పుడు చెప్పాలి? పైనుంచి ఫోన్ చేసి చెప్పనా?"

అన్ని ఆటంకాలూ దాటాక చివర్లో కొరకరాని కొయ్యలా నిజం చెబుతానని కూర్చునే మనిషితో ఎలా వేగాలి, మీరే చెప్పండి! వచ్చిన వరాన్ని కాలితో తన్నే పిల్ల! ఇదంతా మంచి పుస్తకాలు చదివిన ఫలితం.

మర్నాడు పొద్దున నాన్న ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే పిట్ట వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, నా విమానం కింద ఇటుక ఉండదు."

నాన్న చేయి గుండీ దగ్గరే ఆగిపోయింది.

"నేను నిజంగానే పైకెళ్తాను. ఒక్కదాన్నే. నువ్వన్నట్టు కింద రోడ్డుండదు, ఆపుకోవడానికి చోటుండదు. నిన్న నువ్వు సరేనన్నది ఆ సినిమాలో పిల్లలకి. నాకు కాదు. నాకు సరేనంటేనే వెళ్తాను."

అమ్మ మిషన్ ఆపేసింది. నాన్న మిగతా గుండీలు పెట్టుకున్నాడు, టిఫిన్ డబ్బా తీసుకున్నాడు, డ్యూటీకి వెళ్లిపోయాడు. రోజంతా నేను పిట్టతో మాట్లాడలేదు. నా మొత్తం చదువు, నా టికెట్లు, ఆ దర్శకుడి నిస్వార్థ కృషి, అంతా బూడిదలో పోసిందని మండిపడుతూ కూర్చున్నాను.

సాయంత్రం నాన్న వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్నటినుంచీ ఒకటే కెలుకుతోందే" అన్నాడు. "ఆ పిల్ల సీట్లో కూర్చుంది కదా. బెల్టు కూడా పెట్టుకుంది. ఎందుకు దిగింది?"

"డైరెక్టర్ దిగమన్నాడు కాబట్టి" అంది పిట్ట.

"వాడెవడు దిగమనడానికి? డ్యూటీ ఆ పిల్లది! డ్యూటీ ఎక్కిన డ్రైవర్ని మా డిపోలో మేనేజర్ కూడా దింపలేడు తెలుసా? బండి రోడ్డెక్కాక ఎంత పెద్ద ఆఫీసరొచ్చి స్టీరింగ్ ఇమ్మన్నా ఇవ్వం. నేను కొత్తలో ఉన్నప్పుడు ఓసారి ఓ ఆఫీసరు పక్కకి జరగమంటే, బండి అక్కడే ఆపి, జనంతో సహా కూర్చున్నా గానీ లేవలేదు. మరి ఆ పిల్ల ఏడుస్తూ దిగిపోవడమేంటి? మీరందరూ చూస్తూ కూర్చున్నారు, నాకు ఒళ్లు మండిపోయింది!"

నాన్న వంగి చెప్పులు విప్పాడు.

"నా భయం తగ్గలేదు పిట్టా. తగ్గదు కూడా. నువ్వు పైన ఉన్నంతసేపూ నేను కింద ఉండి చూస్తూనే ఉంటాను, మెడ పట్టేసినా సరే. అయినా వెళ్లు." కాస్త ఆగి, వేలు చూపించి మరీ చెప్పాడు. "కానీ సీట్లో కూర్చున్నాక ఎవడొచ్చి దిగమన్నా దిగకు."

పిట్ట తలూపింది. పొద్దున్నుంచీ బింకంగా ఉన్న మనిషి, వెళ్లి నాన్న ఒళ్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడగారి జుట్టు మామూలుగానే చెదిరిపోయి ఉంది.

చూశారా పాఠకులారా, చెత్త సినిమా మహిమ? ఒకటికి రెండుసార్లు పనిచేసింది! మొదట మా నాన్న భయం పోగొట్టి ఒప్పించింది, తర్వాత ఆయనకే ఒళ్లు మండించి ఒప్పించింది. మరి మిగతా హాలంతా ఎందుకు మండలేదని మాత్రం అడక్కండి. ఇటుకని చూసి పడీపడీ నవ్వినవాళ్లం, ఆ అమ్మాయి దిగిపోతుంటే ఒక్కరం కూడా అరవలేదు. వెనక వరస గురువులు సైతం గమ్మున కూర్చున్నారు. నేను కూడా. ఇటుక ఉండటం తప్పని మాకు వెంటనే తెలిసింది. దిగిపోవడం మాత్రం కథలో భాగంలా కనిపించింది.

రెండో భాగం తీస్తున్నారని పోస్టర్ పడింది. నిర్మాతగారికి ఒక చిన్న మనవి. విమానం ఒకటే ఉన్నా ఫర్వాలేదు. కుందేలుని మార్చకండి, దానికి అభిమానులున్నారు. ఇటుక కూడా ఉండనివ్వండి, సర్దుకుంటాం.

సీట్లో కూర్చున్న అమ్మాయిని మాత్రం దింపకండి. ఈసారి మా నాన్న కూడా వస్తానంటున్నాడు, గట్టిగా అరుస్తాడు.