ఎడమ మూల హాజరు

ఎవరి చోట వాళ్ళు లేకపోవడాన్ని మిగతా వృత్తులన్నీ తప్పుగా చూస్తాయి. ఒక్క ఫుట్‌బాల్ మాత్రం దాన్ని శాస్త్రంగా అభివృద్ధి చేసింది.

ఒకప్పుడు ఫుల్‌బ్యాక్ అంటే సొంత గోల్ దగ్గర, పక్క గీతను ఆనుకుని నిలబడి, తన వైపు దూసుకొచ్చేవాణ్ణి ఆపే మనిషి. (ఆపలేకపోతే కాలు తొక్కేవాడు. అదీ ఆపడం కిందికే వచ్చేది.) ఇప్పుడు ఆ చోటు తప్ప మైదానంలో ఎక్కడైనా ఉండొచ్చు. అవతలి గోల్ దాకా పరిగెత్తి బంతి అందించాలి, మధ్యలోకి దూరి ఆట నడపాలి, వీలైతే గోల్ కూడా కొట్టాలి. జీతం మాత్రం ఫుల్‌బ్యాక్‌దే.

ఒక క్లబ్‌లో ఎడమ ఫుల్‌బ్యాక్ ఉండేవాడు. అందరూ ఎడమన్న అనేవారు. ముప్పై మూడేళ్ళు. ఒప్పందం ఆ సీజన్‌తో సరి. పొడిగించకపోతే ఆ వయసులో ఇంకో క్లబ్ గేటు తీయదు. ఆ సంగతి అతనికి తెలుసు. అతని మోకాలికి ఇంకా బాగా తెలుసు.

పొడిగింపు కోచ్ చేతిలో లేదు, ఆటగాళ్ళ హాజరు విభాగం చేతిలో ఉంది. ప్రతి ఆటగాడి బనియన్‌లో అగ్గిపెట్టెంత పరికరం, యాప్‌లోని మైదానం పటంలో ప్రతివాడి చోటుకీ ఒక పచ్చ గడి. మ్యాచ్‌లో కనీసం అరవై నిమిషాలు తన గడిలో కనబడకపోతే గైర్హాజరు. మూడు గైర్హాజర్లకు ఒప్పందం రద్దు. (గడుల పటం ముప్పై ఏళ్ళ కిందటిది. కొత్తది గీయడానికి వేసిన సంఘానికి ఇంకా కోరం కుదరలేదు.)

కోచ్ మధ్యలో ఆడమన్నాడు. ఎడమన్న ఆడాడు. జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచింది. అతనికి రెండు గైర్హాజర్లు పడ్డాయి.

చివరి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు అతను హాజరు అధికారి ముందు నిలబడ్డాడు.

"నేను మైదానంలోనే ఉన్నాను కదండీ."

"మీరున్నది మిడ్‌ఫీల్డర్ గడిలో. అతని చోట మీకేం పని?"

"కోచ్ వెళ్ళమన్నారు."

"బదిలీ ఉత్తర్వు ఉందా?"

"గీత బయట నిలబడి అరిచారండీ."

అధికారి ఫారాల సొరుగు లాగి, అడుగు దాకా వెతికి, మూశాడు. "అరుపుకి ఫారం లేదు."

కోచ్ దగ్గరికి వెళితే ఆయన ఇంకా క్లుప్తంగా తేల్చాడు. "గీత పక్కన నిలబడ్డావంటే పదో నిమిషంలో బయట కూర్చోబెడతా."

ఎడమన్న భార్య బస్ డిపోలో టైమ్‌కీపర్. ఆరిన సాక్సులకు జతలు వెతుకుతూనే అంతా వింది.

"వాళ్ళకు కావలసింది నువ్వా, ఆ అగ్గిపెట్టా?"

"అగ్గిపెట్టే."

"అయితే దాన్నే అక్కడ ఉంచు. మా డిపోలో సగం డ్యూటీలు హాజరు కార్డులే చేస్తాయి. బస్సులు నడవట్లేదా?"

"పట్టుబడితే?"

"పని చేసేవాణ్ణి పట్టుకుంటారు గానీ, హాజరైనవాణ్ణి ఎవరు పట్టుకుంటారు బావా?"

మ్యాచ్ రోజు ఎడమన్న లేసు కట్టుకుంటున్నట్టు వంగి, తన గడిలోని మూల జెండా కర్ర మొదట్లో పరికరాన్ని టేపుతో అంటించాడు. విరామంలో జట్లు వైపులు మారాయి కాబట్టి, అతని లేసు మళ్ళీ ఊడింది. పరికరం అవతలి మూలకు బదిలీ అయింది. (ఉత్తర్వు లేకుండానే.)

ఎనభై ఎనిమిదో నిమిషం. స్కోరు సమం. మధ్యలో బంతి అందుకున్న ఎడమన్న ఇద్దరిని తప్పించి గోల్ కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. పైన గాజు గదిలో హాజరు అధికారి మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. ఎడమన్న గడిలో ఉన్నాడు. మొదటి నుంచీ ఉన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంతటి క్రమశిక్షణ చూసి ఎరగడు.

మర్నాడు రెండు కాగితాలు వెలువడ్డాయి. మొదటిది ఎడమన్న చేతికి వచ్చింది: చివరి మ్యాచ్ హాజరు నూటికి నూరు, ఒప్పందం రెండేళ్ళు పొడిగింపు. రెండోది గేటుకు అంటించారు: "హాజరు పరికరం లేకుండా మైదానంలోకి చొరబడి గోల్ కొట్టిన అపరిచితుణ్ణి ఇకపై లోపలికి రానివ్వరాదు. ఫొటో జతపరచడమైనది."

ఫొటోలో ఎడమన్న పిడికిలి ఎత్తి నవ్వుతున్నాడు.

"అది నేనేనండీ," అన్నాడతను అధికారితో.

అధికారి ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, చివరికి తెరను నమ్మాడు. "ఆ నిమిషంలో మీరు మూలన ఉన్నారు. ఒకవేళ లేరంటారా, చెప్పండి, మూడో గైర్హాజరు రాస్తాను."

మోకాలు ఊరుకోమంది. ఎడమన్న పొడిగింపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నెల నెలా జీతం పడుతోంది. మ్యాచ్ రోజుల్లో అతను స్టేడియం గోడ బయట నిలబడి, అరుపులను బట్టి స్కోరు లెక్కగట్టుకుంటాడు. లోపల అతని స్థానంలో జెండా కర్ర ఆడుతోంది. విరామంలో పరికరాన్ని మూల మార్చే పని గడ్డి కోసే ఆయన చూసుకుంటున్నాడు. (అది తన డ్యూటీయే అని ఆయన నమ్మకం.) కొత్త సీజన్ సగం గడిచినా కర్ర ఒక్క నిమిషం గైర్హాజరు కాలేదు.

పోయిన వారం కోచ్ దాన్ని పరీక్షగా చూసి, ఎడమవైపు ఆట మరీ పాతకాలంలా ఉందని, కర్రను కాస్త మధ్యలోకి పాతమన్నాడు.

కర్రకు మొదటి గైర్హాజరు పడింది.