తొమ్మిది చేపల క్వారంటైన్

సముద్రంలో పుట్టినంత మాత్రాన చేపకు ఉప్పునీటిలో ఈదే హక్కు వచ్చేస్తుందనుకోవడం నాగరికత తెలియనివాళ్ల మాట. లేయర్ పట్టణంలో అలా కుదరదు. అక్కడి ఉప్పునీటి చేపల మిత్రమండలి (నమోదైనది, సభ్యులు పదిహేడు మంది, నిబంధనలు నూట నాలుగు) అనుమతి లేనిదే ఏ చేపా ఏ తొట్టిలోనూ తోక ఆడించరాదు.

ఈ సంగతి గెజీనకు బాగా తెలుసు. ఆమె పళ్ల డాక్టర్ మైంట్స్ దగ్గర రిసెప్షనిస్టు, మండలిలో సభ్యురాలు. ఆసుపత్రి వెయిటింగ్ హాల్లోని పెద్ద అద్దాల తొట్టిని పదకొండేళ్లుగా ప్రాణంలా చూసుకుంటోంది. చలికాలంలో జబ్బు తగిలి అందులోని చేపలన్నీ పోయాయి. అప్పటినుంచి చూసేందుకేమీ లేక, లోపలి డ్రిల్లు చప్పుడు వింటూ పిల్లలు శోకాలు పెడుతున్నారు.

"చూడు గెజీనా, అక్టోబర్ సెలవులు అయ్యేలోగా చేపలు రాకపోతే ఆ తొట్టి తీయించేస్తాను" అంది డాక్టర్. "దాని చోట టీవీ పెడదాం. అందులో చేపల వీడియో తిరుగుతూ ఉంటుంది. మేత ఖర్చుండదు, చావవు కూడా."

గెజీనకు కడుపు మండిపోయింది. జూన్‌లోనే తొమ్మిది నీలి చేపలు తెప్పించింది. వేలెడంత ఉంటాయి, గుంపుగా తిరిగే జాతి. నియమం ప్రకారం వాటిని మండలి క్వారంటైన్ అధికారి హయో ఊకెన్ తన పెరటి షెడ్డులో విడిది చేయించాడు. ఆయన కస్టమ్స్‌లో రిటైరయ్యాడు గానీ, కస్టమ్స్ ఆయనలో ఇంకా రిటైరవలేదు. ఇసుకా రాళ్లూ లేని బోసి తొట్టి. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం (నిబంధన 31: తొట్టికి ఒకటి. అది రాసిన నాడు మండలి దగ్గర ఉన్నదే ఒకటట). గడువు నలభై రోజులు. మధ్యలో ఏ ఒక్కటి చచ్చినా మళ్లీ ఒకటో రోజు.

మూడో రోజే ఒకటి చచ్చింది. గెజీన స్టూలు వేసుకుని కూర్చుని గంటసేపు చూసింది. అన్నిటికన్నా పెద్ద చేప గొట్టాన్ని ఆక్రమించుకుని, దగ్గరికొచ్చిన ప్రతిదాని తోకా కొరుకుతోంది.

"హయో, ఇది రోగం కాదయ్యా, కొట్లాట! ఆ పెద్దది చూడు, దేన్నీ బతకనిచ్చేలా లేదు."

హయో కళ్లజోడు సర్దుకుని ఫారం తిరగేశాడు. "చావుకు కారణం దగ్గర మూడే గడులున్నాయి తల్లీ. రోగం, నీరు, తెలియదు. కొట్లాటకు గడి లేదు."

"లేకపోతే పక్కన రాయి!"

"గడి లేనిచోట రాయడానికి ఇదేమన్నా ప్రేమలేఖా?" అని 'తెలియదు' దగ్గర టిక్కు పెట్టాడు. "మళ్లీ ఒకటో రోజు. టీ పోయనా?"

"ఇంకో నాలుగు గొట్టాలు వెయ్యరాదూ? పది నిమిషాల పని."

"సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ఫిబ్రవరిలో ఉంది."

ఆ ప్రాంతంలో టీ మూడు కప్పులు తాగకుండా లేస్తే ఇంటివాళ్లను అవమానించినట్టే. కనుక గెజీన చావుకు మూడు కప్పుల చొప్పున తాగుతూ వచ్చింది.

నాలుగో చావు తర్వాత ఆమె చేతిసంచిలో ఒక గొట్టం తెచ్చి దొంగచాటుగా తొట్టిలో వదిలింది. హయో పట్టేశాడు. బయటినుంచి వచ్చిన గొట్టం కాబట్టి దాన్ని వేరే తొట్టిలో నలభై రోజులు ఉంచారు. (గడువు ప్రశాంతంగా ముగిసింది. గొట్టానికి ఏ జబ్బూ లేదని తేలింది.)

అన్నిటికన్నా చిన్న చేప తోక సగమే మిగిలినా, మూలన నక్కి ఆగస్టు చివరిదాకా నెట్టుకొచ్చింది. అది పోయిన రోజు గెజీన షెడ్డు బయట నిలబడి ఏడ్చేసింది. వేలెడంత చేప కోసం ఏడవడమేమిటని సిగ్గుపడి, మళ్లీ ఏడ్చింది. ఇరవై నాలుగు కప్పులు పూర్తయ్యాయి.

ఆ తర్వాత చావులు పూర్తిగా అదుపులోకి వచ్చాయి (చావడానికి మిగిలిందెవరు గనక). సెలవులు ముగియకముందే, ఒక్క రోజూ తప్పకుండా నలభై రోజులు పూర్తయ్యాయి.

"గుంపు చేప కదా హయో, ఒక్కదాన్ని ఎలా తీసుకెళ్లను?"

"క్వారంటైన్‌లో ఆరుకు తక్కువ కాకుండా చేర్చుకోవాలని ఉంది. తొమ్మిదిని చేర్చుకున్నాం. ఎన్ని బయటికి రావాలో మాత్రం ఎక్కడా లేదు."

డాక్టర్ మాట నిలబెట్టుకుని టీవీ ఆర్డరు రద్దు చేసింది. పెద్ద చేప వెయిటింగ్ హాలు తొట్టిలో ఈ చివరి నుంచి ఆ చివరికి దర్జాగా తిరుగుతోంది. పిల్లలు ఏడుపు మానేసి అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. గెజీన రోజూ దానికి మేత వేస్తుంది, మొహం మాత్రం చూడదు. తొట్టి పక్క గోడకు మండలి ఇచ్చిన ధ్రువపత్రాన్ని హయో స్వయంగా ఫ్రేము కట్టించి తగిలించాడు. అందులో ఇలా ఉంది: "గుంపు ఆరోగ్యం: సంతృప్తికరం. ప్రవర్తన: ఉత్తమం. తోటి చేపల నుంచి ఎటువంటి ఫిర్యాదులూ అందలేదు."