మంత్రిగారి మోకాలు

ప్రజాసేవలో తిరిగి తిరిగి తన కుడి మోకాట్లో గుజ్జు అరిగిపోయిందనీ, మరే నాయకుడూ సాహసించని కణచికిత్సకు తాను నడుం కట్టాననీ వంతెనల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం విలేకరులకు ప్రకటించారు. ప్రకటిస్తూ మోకాలు పట్టుకుని "అబ్బా" అన్నారు. పట్టుకున్నది ఎడమ మోకాలు. వెనక నిలబడ్డ పీఏ వంగి చెవిలో ఊదాక, కుడిది పట్టుకుని ఇంకా గట్టిగా "అమ్మా" అన్నారు.

ఆ వారంలోనే, ఆయన రిబ్బను కత్తిరించిన నెలకే కూలిన వంతెన గురించి విచారణ సంఘం ముందు ఆయన హాజరు కావాలి. ఈ రెంటికీ ముడిపెట్టే కుళ్ళుబోతులు ఏ కాలంలోనైనా ఉంటారు. వాళ్ళ సంగతి మనకెందుకు?

అసలు ఈ నిర్ణయం వెనక ఎంత శాస్త్రీయ దృష్టి ఉందో పీఏకి తెలుసు. ముందురోజు మంత్రిగారు పెద్ద డాక్టరుని ఇంటికి పిలిపించినప్పుడు అతను పక్కనే ఉన్నాడు.

"ఎముక విరిగిందంటే ఎన్నాళ్ళు మంచం మీద ఉండొచ్చయ్యా?" అని అడిగారు మంత్రిగారు.

"ఆరు వారాలండి."

"ఏ మూలకి? మోకాలి చిప్ప మార్చేస్తే?"

"మర్నాడే నడిపించేస్తామండి."

"ఛీ ఛీ, అదేం ఆపరేషను! మనిషన్నాక విశ్రాంతి అక్కర్లేదూ?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కణచికిత్స అని ఒకటుందండి. ముందు చిన్న ఆపరేషన్ చేసి మోకాట్లోంచి చిటికెడు గుజ్జు తీస్తాం. అందులో కణాల్ని ల్యాబులో ఐదారు వారాలు పెంచుతాం. మళ్ళీ మోకాలు తెరిచి అరిగినచోట అమరుస్తాం. ఆ తర్వాత రెండు నెలలు కాలు కింద మోపకూడదు. పూర్తిగా కుదుటపడ్డానికి ఏడాది."

"ఏడాదే!" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "సైన్సు ఎంత ఎదిగిందయ్యా!"

"కానీ సంఘం వాళ్ళు స్కాను అడుగుతారండి. తమ మోకాలేమో నిక్షేపంలా ఉంది," అన్నాడు డాక్టరు.

ఇద్దరూ తలతిప్పి పీఏ మోకాలి వైపు చూశారు.

అది నిజంగానే పాడైన మోకాలు. కారు ఆగకముందే దూకి మంత్రిగారికి తలుపు తీయబోయి అతను ఒకసారి బోర్లా పడ్డాడు. అప్పట్నుంచి మెట్లెక్కాలంటే ప్రాణం తోడేసినట్టుండేది. ఇల్లు చూస్తే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ డాక్టరే ఈ చికిత్సే చెప్పాడు గానీ, అంత ఖర్చు ఎక్కడ పెట్టగలడు? పళ్ళు బిగించి కుంటుతున్నాడు.

"కాలు నీది, పేరు నాది, ఖర్చు సర్కారుది. ఏమంటావ్?" అన్నారు మంత్రిగారు.

పీఏ గబగబా తలూపాడు. ఇంటికెళ్ళి చెబితే భార్య రెండు చేతులూ జోడించింది. "పేరెవరిదైతే ఏంటండీ? గుడ్డివాడికి కావల్సింది కళ్ళేగా!"

మంత్రిగారు చెయ్యి ఊపుతూ ముందు గుమ్మంలోంచి ఆస్పత్రికెళ్ళారు. పీఏ మాసిన దుప్పట్లు తీసుకెళ్ళే గుమ్మంలోంచి వెళ్ళాడు. స్కానూ అయింది, చిటికెడు గుజ్జు తీయడమూ అయింది. మంత్రిగారి కణాలు మామూలు మనుషుల కణాలకన్నా రెట్టింపు జోరుగా పెరుగుతున్నాయని ఆస్పత్రి ప్రకటన ఇచ్చింది. కార్యకర్తలు ల్యాబు ముందు చేరి "కణాల నాయకత్వం వర్ధిల్లాలి" అని గొంతులు చించుకున్నారు. రెండో ఆపరేషనూ చక్కగా జరిగింది. కొత్త గుజ్జు కుదురుకుంటోందని డాక్టరు చెబితే పీఏ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు మంత్రిగారి గదికి కుంటుకుంటూ వెళ్ళాడు.

"సార్, రెండు నెలలు కాలు మోపకూడదట."

"నాకూ అదే చెప్పారయ్యా."

"నాకు సెలవిప్పిస్తే..."

"నీకెందుకు సెలవు?" మంత్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఆపరేషనైంది నాకైతే నువ్వు పడుకుంటానంటావేంటి! లోకం ఏమనుకుంటుంది? అయినా, నా చక్రాల కుర్చీ ఎవరు తోస్తారు?"

"పోనీ, మంచం పక్కనున్న ఆ చంకకర్రల్లో ఒకటైనా..."

"జత విడగొడితే విలేకరులు పసిగట్టెయ్యరూ?"

దాంతో పీఏ కట్టు మీద ప్యాంటు తొడుక్కుని కుర్చీ తోశాడు. మంత్రిగారు విచారణకి తప్ప అన్నిటికీ హాజరయ్యారు. పెళ్ళిళ్ళకెళ్ళారు, పరామర్శలకెళ్ళారు, ఇంకో రెండు వంతెనలకి రిబ్బను కత్తిరించారు. ఏటవాలు ఎక్కిస్తుంటే పీఏ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. ఆ ఫోటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. నాయకుడి బాధ చూసి తట్టుకోలేకపోయిన ఉద్యోగి అని కింద రాశారు.

నెల తిరక్కుండానే మోకాలు పొంగిపోయింది. మంత్రిగారి పేరుతో మళ్ళీ స్కాన్ తీసిన డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

"అమర్చిందంతా ఊడొచ్చేసింది. కాలు మోపొద్దంటే కుర్చీ తోస్తావా? ఇక మావల్ల కాదు, విదేశాల్లో అయితే ఏమన్నా చేస్తారేమో."

ఆ సాయంత్రం మూడంతస్తులూ భార్య భుజం మీద వాలి ఎక్కాడు. ఆమె మెట్టు మెట్టుకీ ఆగి తిట్టింది. "ఆ మనిషి తను కట్టించిన వంతెనల్లాగే కూలిపోవాలి!"

"మెల్లగానే, గోడలకి చెవులుంటాయి," అన్నాడు పీఏ, ఏడుపు దిగమింగుకుంటూ.

విశ్రాంతి తీసుకోకుండా జనం కోసం తిరగడంవల్ల మంత్రిగారి కణాలు అమరులయ్యాయని పత్రికలు సంపాదకీయాలు రాశాయి. విచారణ సంఘం అధ్యక్షుడు పూలగుత్తి పంపి, విచారణ వాయిదా వేశాడు. విదేశీ చికిత్సకి సర్కారు అనుమతిచ్చింది. రోగి ఒకరు, తోడు ఒకరు. తోడుగా మంత్రిగారి భార్య బయల్దేరింది.

విమానాశ్రయం లోపలి తలుపు దాకా పీఏ కుర్చీ తోసుకెళ్ళాడు. కెమెరాలు వెనకబడగానే మంత్రిగారు లేచి ఒళ్ళు విరుచుకుని, చంకకర్రలు చంకలో ఇరికించుకుని చకచకా నాలుగడుగులు వేశారు. అంతలో ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగారు. పీఏ ఖాళీ కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"వచ్చాక మళ్ళీ స్కానుంటుందయ్యా," అన్నారు ఆప్యాయంగా. "అందాకా నా మోకాలు జాగ్రత్త!"