పొడపత్రి నమిలిన నోరు

తొంభై ఎనిమిదిలో ఒక సోమవారం. పదింటికి కంపెనీలో మెడికల్ పరీక్ష. అందులో నెగ్గితేనే అప్పలసూరికి క్రేన్ ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా ఓడల్లోంచి బొగ్గు ఎత్తిపోస్తున్న మనిషి. ఒంట్లో షుగరుందని తెలిసిందా, కిందికి దింపేస్తారు.

మల్కాపురం క్లినిక్‌లో డాక్టరు మాత్రలిచ్చి, "ఆకులు మేకలు తింటాయయ్యా" అన్నాడు. ఆనందపురంలో బావమరిది షుగరు తగ్గిస్తుందని పొడపత్రి ఆకులిచ్చి, "ఆ మాత్రలు కిడ్నీలు తినెత్తాయి బావా" అన్నాడు. ఎవరి మాటా కాదనలేని అప్పలసూరి డాక్టరు దగ్గర ఆకుల సంగతీ, ఇంట్లో మాత్రల సంగతీ దాచిపెట్టి రెండూ మింగుతూ వచ్చాడు. ఆ ఉదయం ఎందుకైనా మంచిదని పరగడుపునే రెండు మాత్రలు వేసుకున్నాడు. భార్య సన్యాసమ్మ ఇచ్చిన గుప్పెడు ఆకులు గేటు దాకా నములుతూనే ఉన్నాడు.

వరసలో నిలబడ్డ కాసేపటికే చెమటలు పట్టి, చేతులు వణికాయి. అదే వరసలో వెనక నిలబడ్డ క్రేన్ హెల్పరు ఎల్లారావు కంగారుపడి, పంచదార ఎక్కువేయించి టీ తెచ్చాడు. అప్పలసూరి ఒక గుక్క తాగి ఊసేశాడు.

"ఇందల పంచదారేదిరా? ఇసక నాగుంది!"

పొడపత్రి నమిలిన నాలుకకు కాసేపు తీపి తెలియదు. ఆ సంగతి అక్కడెవరికీ తెలియదు. ఎల్లారావు టీకొట్టువాడి మీదికి వెళ్లాడు.

"రోగిష్టి మనిషిని మోసం సేత్తావేటి?"

"నాలుగు సెంచాలేసినాను! నువ్వే తాగి సూడు!"

తాగి చూసే ఓపిక ఎల్లారావుకు లేదు. కాలర్లు పట్టుకున్నారు. గ్లాసులు పగిలాయి. వరసలోని వాళ్లంతా తగువు చూడ్డానికి పరిగెత్తారు. ఇటు అప్పలసూరి కుప్పకూలాడు.

"పొద్దున్నే తాగొచ్చీసినాడు," అన్నాడు వాచ్‌మన్. తోడొచ్చిన సన్యాసమ్మ వాణ్ణి నాలుగు తిట్టి, షుగరు పెరిగిపోయిందనుకుని మొగుడి నోట్లో మరో నాలుగాకులు కుక్కింది.

కంపెనీ డాక్టరు భీమశంకరరావు రక్తం చూసి, పరుగున గ్లూకోజు ఎక్కించాడు. కళ్లు తెరిచాక "ఏం మింగావు?" అని గద్దించేసరికి దాచిన రెండూ బయటపడ్డాయి.

"మాత్రలు మానీసినానని ఒట్టేసినావు కదా!" సన్యాసమ్మ బావురుమంది. "అయితే మా తమ్ముడి ఆకు పన్జెయ్యనేదా బాబూ?"

"చేసిందమ్మా. మాత్రా చేసింది. అదే గండమైంది. ముందే చెప్పి ఉంటే ఒకటి తగ్గించేవాళ్లం."

"సెప్తే తిట్టీవోరు బాబూ," అన్నాడు అప్పలసూరి నీరసంగా.

డాక్టరు కాగితంలో మాత్ర పేరు రాసి, దాని కింద పొడపత్రి అని కూడా రాశాడు. చివర్న, క్రేన్ ఎక్కరాదని రాశాడు. అప్పలసూరి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

ఆ నెలలోనే క్లినిక్ డాక్టరూ బావమరిదీ ఆ కాగితం ముందేసుకుని ఎదురెదురుగా కూర్చుని, ఏదెంత వేసుకోవాలో తేల్చారు. అప్పలసూరి కింద బొగ్గు లారీలు లెక్కపెట్టే పనిలో పడ్డాడు. అంత గొడవలోనూ పరీక్ష నెగ్గినవాడు ఎల్లారావే.

షుగరు అప్పలసూరి చేతిలో ఉంది, క్రేన్ ఎల్లారావు చేతిలో ఉంది.